పక్క గదిలో కుక్క, ఈ గదిలో తెలుగు

అమెరికాలో మా బాతెల్ ఊళ్ళో ఆకురాలే కాలం వచ్చిందని చెట్ల కంటే ముందు లైబ్రరీ చెబుతుంది. సెప్టెంబరులో ఒకనాడు వాకిట్లో బల్ల మీద నారింజ రంగు కరపత్రాల కట్టలు వెలుస్తాయి. ఆ కరపత్రం ఒక్కో మడతా విప్పుకుంటూ పోతే పెళ్ళి పందిరికి కప్పు వేయొచ్చు. అందులో లేని కార్యక్రమం లేదు. పసిపిల్లలకి పాటల గంట, పెద్దవాళ్ళకి స్వెటర్లు అల్లే గంట, ఉద్యోగం ఊడినవాళ్ళకి రెజ్యూమే దిద్దే గంట, గుమ్మడికాయకి కళ్ళూ ముక్కూ చెక్కే గంట. కార్డు చూపిస్తే పుస్తకాలతో పాటు మ్యూజియం పాసులు, చుక్కలు చూసే దుర్భిణి, ఆఖరికి కేకు చేసుకునే గిన్నెలు కూడా ఇంటికిస్తారు. మా ఆవిడ అలా తెచ్చిన గులాబీ పువ్వు గిన్నెలో ఇడ్లీ పిండి పోసి ఆవిరి పట్టింది. తలగడంత ఇడ్లీ వచ్చింది. అంత అందమైనదాన్ని కోయడానికి మనసొప్పక రెండు రోజులు మేం దాన్ని చూశాం. మూడో రోజు నుంచి అది మమ్మల్ని చూడసాగింది.

అక్టోబరు మొదట్లో మా ఊరి ఆకాశం కుళాయి తిప్పుతుంది. మే నెల దాకా కట్టేయడం మర్చిపోతుంది. ఆ వానలో పిల్లల్ని వేసుకుని మనవాళ్ళు పోవడానికి రెండే చోట్లు, ఇండియన్ గ్రోసరీ, లైబ్రరీ. గ్రోసరీలో బిల్లు వేస్తారు కాబట్టి అందరం లైబ్రరీలో తేలతాం.

ఒక ఏడాది ఆ కరపత్రంలో స్పానిష్ కథల గంట, చైనీస్ కథల గంట, రష్యన్ కథల గంట వరసగా కనబడేసరికి నా తెలుగు రక్తం ఉడికింది. అసలే నాది తొందరగా ఉడికే రక్తం, కుక్కర్ కూడా అక్కర్లేదు. నేరుగా పిల్లల విభాగం బల్ల దగ్గరికి నడిచాను. ఆ విభాగం చూసే లైబ్రేరియన్ ఎంత పొడుగంటే, పై అరలో పుస్తకం తీయడానికి ఆవిడ కొంచెం వంగాలి. మాట మాత్రం దూది.

"మా భాష కోట్లమంది మాట్లాడతారు. మీ కరపత్రంలో దానికి చోటు లేదేం?" అన్నాను.

"చాలా మంచి ఆలోచన. మీరు చెబుతారా?" అంది ఆవిడ.

అక్కడ దెబ్బతిన్నాను. నిలదీయడం వరకే మన డ్యూటీ అనీ, చేయడం ఇంకెవరిదో అనీ పుట్టినప్పటి నుంచి నా నమ్మకం. కానీ వెనక వరసలో ఇద్దరు తెలుగు తల్లులు నిలబడి వింటున్నారు. "తప్పకుండా" అని నా నోరు నన్నడక్కుండా అనేసింది.

శనివారం పదకొండింటికి గది ఇస్తానంటూ ఒక షరతు పెట్టింది లైబ్రేరియన్. ఇది పిల్లల కార్యక్రమం. పిల్లలు రావాలి, కూర్చోవాలి, వాళ్ళు ఆ భాషలో నోరు విప్పాలి. నవంబరు చివర థాంక్స్ గివింగ్ పండగ లోపల అది జరిగితే చలికాలం కరపత్రంలో మా గంట ఉంటుంది. జరక్కపోతే ఆ గది కావాల్సినవాళ్ళు వేరే ఉన్నారు.

ఈ షరతు నాకెంత తీపిగా వినిపించిందో చెప్పాలంటే మా అమ్మాయి గురించి చెప్పాలి. అప్పటికి దానికి ఎనిమిదేళ్ళు. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లిష్‌లో వస్తుంది. మా ఇంట్లో సంభాషణ టెన్నిస్ ఆటలా ఉండేది. బంతి తెలుగులో వెళ్ళి ఇంగ్లిష్‌లో తిరిగొస్తుంది. తోటి పిల్లలు నలుగురు మాట్లాడుతుంటే విని అయినా దాని నోట ఒక తెలుగు వాక్యం రాలుతుందని నా ఆశ. నేను రాసేవన్నీ రెండింతలు చేసుకుని రాస్తానని నన్నెరిగినవాళ్ళకి తెలుసు. ఈ ఆశని మాత్రం ఉన్నంతే రాశాను.

అక్టోబరుకి కొత్త చేర్పులతో కరపత్రం మళ్ళీ అచ్చయి వచ్చింది. 'తెలుగు కథల గంట' అన్న వాక్యాన్ని ఫోటో తీసి భూమండలం మీద నాకు ఈమెయిలున్న ప్రతి బంధువుకీ పంపాను. దాని కిందనే, అదే వారం, అదే వేళ, పక్క గదిలో, ఇంకో వాక్యం ఉంది. దాన్ని నేను పట్టించుకోలేదు. 'కుక్కకి చదివి వినిపించండి' అని. చదవడం నేర్చుకుంటున్న పిల్లలు శిక్షణ పొందిన ఒక కుక్క పక్కన కూర్చుని పుస్తకం పైకి చదువుతారట. ఈ దేశంలో కుక్కలకి స్వెటర్లుంటాయి, పుట్టినరోజులుంటాయి, ఇప్పుడు సాహిత్యం కూడానా అని నవ్వుకున్నాను.

మొదటి శనివారం మా గది కిక్కిరిసింది. ముందు చాప మీద పిల్లలు, వెనక కుర్చీల్లో తల్లిదండ్రులు, తలుపు దగ్గర ఇంకా లోపలికొస్తున్న తల్లిదండ్రులు. తినుబండారాలు తేకూడదని గోడ మీద బోర్డుంది కాబట్టి పులిహోర డబ్బాలు పుస్తకాల సంచుల్లో వచ్చాయి. ఒక నక్క పెళ్ళి భోజనానికి వెళ్ళి పప్పు గుండిగలో పడిన కథ చెప్పాను. నక్క గొంతు, వంటవాడి గొంతు, పెళ్ళికొడుకు మేనమామ గొంతు, పప్పు ఉడుకుతున్న చప్పుడు, అన్నీ నేనే. కథ అయ్యాక, "నక్క ఎందులో పడింది?" అని పిల్లల్ని అడిగాను.

అప్పుడు మా కింది అపార్ట్‌మెంట్‌లో ఉండే కరీంనగర్ మిత్రుడి కొడుకు మెల్లగా చెయ్యెత్తాడు.

"నక్కా... పప్పు లోపల... పడిపోయాడు" అన్నాడు.

గదంతా గొల్లుమంది. ఎగతాళి కాదు సుమా, శుద్ధమైన ప్రేమ. తల్లులు బుగ్గలు నొక్కుకున్నారు. తండ్రులు తొడలు చరుచుకున్నారు. ఫోన్లలో వీడియో తీయడం కొత్తగా వచ్చిన రోజులవి. అరడజను ఫోన్లు ఒక్కసారి పైకి లేచాయి.

"నాన్నా, మళ్ళీ ఒక్కసారి చెప్పమ్మా. అమ్మమ్మకి పంపిద్దాం" అంది వాళ్ళమ్మ.

"చెప్పురా, సిగ్గేంది? అంకుల్ అడుగుతున్నడు గద" అన్నాడు మా మిత్రుడు.

వాడు ఆ ఫోన్ల వంక చూశాడు. నోరు మూసుకున్నాడు. వాడితోపాటు ముందు వరస మొత్తం మూసుకుంది. తర్వాత నేనేం అడిగినా వెనక కుర్చీల్లోంచే జవాబొచ్చేది, ఎగ్జామ్ హాల్లో చిట్టీలు అందించినట్టు.

రెండో శనివారానికి చాప పలచబడింది. మూడో వారం పిల్లలు ఒక్కొక్కరే "రెస్ట్‌రూమ్" అంటూ లేచారు. అలా వెళ్ళినవాళ్ళు నా లెక్కలో ఇంకా వస్తూనే ఉన్నారు. విచిత్రం ఏమిటంటే పెద్దలు తగ్గలేదు, పెరిగారు. నా నక్కకి అభిమాన సంఘం ఏర్పడింది. కథయ్యాక గ్రీన్ కార్డుల గురించి, ఇళ్ళ ధరల గురించి, ఏ స్టోర్‌లో బెండకాయలు లేతగా ఉన్నాయన్నదాని గురించి తీరుబడిగా చర్చలు నడిచేవి.

హాలోవీన్ అయిన తర్వాతి శనివారం లైబ్రేరియన్ తలుపు తెరిచి, చాప మీద ఎవరూ లేకపోవడం చూసి, "పిల్లలెక్కడ?" అంది.

"దారిలో ఉన్నారు" అన్నాను. ఎవరెక్కడున్నా మనవాళ్ళందరం చెప్పే జవాబదే.

ఆవిడ మా గది అద్దం గోడలోంచి బయటికి చూపించింది. పక్క గది తలుపు దగ్గర పిల్లల క్యూ ఉంది. సగానికి సగం మన పిల్లలే. అందరికంటే ముందు, చంకలో పుస్తకంతో, మా అమ్మాయి.

"చలికాలం కరపత్రం ప్రింటుకి వెళ్ళాలి. ఇంకో రెండు శనివారాలు చూస్తాను. కుక్క కోసం వెయిటింగ్ లిస్టు పెరుగుతోంది, ఈ గది దానికి ఇవ్వాల్సి రావచ్చు" అంది, దూది కంటే మెత్తగా.

ఆ సాయంత్రం మెట్ల దగ్గర మా మిత్రుడు పట్టుకున్నాడు.

"ఏందన్నా, కుక్క మీద ఎలక్షన్ల ఓడిపోతున్నవట?"

"ఓడలేదు. కౌంటింగ్ నడుస్తోంది."

"డిపాజిట్ గూడ దక్కేటట్టు లేదు గదనే. నీకు ఓటెయ్యాల్సినోళ్ళంత దాని క్యూల నిలబడ్డరు. మావోడు గూడ."

కుక్క వారం మధ్యలో కూడా ఒకరోజు వస్తుందని విని, శత్రువు బలం తెలుసుకుందామని వెళ్ళి, వంటల పుస్తకాల అర వెనక నక్కి పక్క గదిలోకి చూశాను. కాళ్ళు మొలిచిన తెల్ల పరుపు ఒకటి నేల మీద పడుకుని ఉంది. మెడలో ఫోటో ఉన్న బ్యాడ్జి. మా ఆఫీసువాళ్ళు తీసిన నా ఫోటో కంటే ఆ ఫోటోలో అది పది రెట్లు తెలివిగా ఉంది. దాని యజమానురాలు, ఒకప్పుడు స్కూలు బస్సు నడిపిన పెద్దావిడ, పక్కన కుర్చీలో అల్లిక పని చేసుకుంటోంది. ఒక పిల్ల కూడబలుక్కుని చదువుతోంది. కుక్క గడ్డం పాదాల మీద పెట్టుకుని వింటోంది. అంతే. నేనేమో నలుగురి గొంతులు మార్చి, చేతులు తిప్పి, పప్పై ఉడికి, చెమటై కారుతున్నాను. అది ఏమీ చేయడం లేదు. ఏమీ చేయకపోవడంలో అంతటి నైపుణ్యం నేను మా మేనేజర్‌లో తప్ప ఎక్కడా చూడలేదు.

మిగిలిన రెండు శనివారాల్లో మొదటిదానికి నా బలగమంతా దించాను. పంచె కట్టాను. తలపాగా చుట్టాను. ఆ పంచె కుచ్చిళ్ళ పొడవు గురించి బాతెల్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారని నా అనుమానం. వచ్చిన పిల్లలందరికీ ఈలలు పంచుతానని ప్రకటించాను. పిల్లలు వచ్చారు, ఈలలు తీసుకున్నారు, ఊదుకుంటూ కుక్క దగ్గరికి వెళ్ళారు. లైబ్రేరియన్ ఈలలన్నీ ఒక బుట్టలో వసూలు చేసి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. కుక్క అప్పుడు కూడా ఏమీ అనలేదట.

ఇంటికొస్తుంటే కారులో తలపాగా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మా ఆవిడ డ్రైవ్ చేస్తోంది. వెనక సీట్లో మా అమ్మాయి.

"నా కథ బాలేదా అమ్మా?" అన్నాను.

"ఇట్స్ నాట్ యువర్ స్టోరీ, నాన్నా. యువర్ స్టోరీ ఈజ్ ఫైన్."

"ఫైన్ అంటే?"

"నా ఉప్మాని మీరంటారే, ఆ ఫైన్" అంది మా ఆవిడ.

"మరి కుక్క దగ్గరికెందుకు పరిగెడుతున్నారు?"

అది కిటికీ మీద జారే చినుకుని వేలితో తరుముతూ అంది. "ఇట్ డజంట్ లాఫ్."

"మేం వెక్కిరించి నవ్వం కదరా. ముద్దొచ్చి నవ్వుతాం."

"ఐ నో. బట్ ద డాగ్ డజంట్ థింక్ ఐయామ్ క్యూట్. ఇట్ జస్ట్ లిజన్స్."

మాట దొరకని నన్ను చూడటానికి మా ఆవిడ కారు కొంచెం స్లో చేసింది కూడా.

"మొన్న మీ పిన్నిగారు ఫోన్ చేస్తే దీన్ని లాక్కొచ్చి 'బాగున్నారా' అని అనిపించారు. అది అన్నాక ఇద్దరూ పడీపడీ నవ్వారు. మళ్ళీ అనమని స్పీకర్‌లో పెట్టారు. ఆ తర్వాత ఫోన్ మోగితే ఇది బాత్రూమ్‌లో ఉంటోంది, గమనించారా?" అంది.

గమనించలేదు. ఉక్రోషం మాత్రం వచ్చింది. "అయితే వెళ్ళి ఆ కుక్కకే తెలుగులో చెప్పుకోండి" అన్నాను.

వెనక సీట్లో సీటు బెల్టు చప్పుడైంది. అది ముందుకి వంగింది.

"కెన్ వీ?"

"ఏమిటి?"

"తెలుగు. టు ద డాగ్. నో పేరెంట్స్ ఇన్ ద రూమ్."

ఉక్రోషంలో అన్న మాట ఇలా కాళ్ళ మీద లేచి నిలబడుతుందని నేననుకోలేదు. "సరే, పేరెంట్స్ ఉండరు. నేనొక్కడినీ..."

"నువ్వు టూ."

"ఆయన కూడా ఉండరు" అని నా తరఫున మా ఆవిడ మాటిచ్చేసింది.

సోమవారం కుక్క యజమానురాలిని పట్టుకున్నాను. "మావాడికి ఇంగ్లిష్ తప్ప రాదే" అని ఆవిడ కాస్త దిగులుపడింది. మళ్ళీ తనే, "అయినా వాడు ఏ భాషలో విన్నా మూడో పేజీకి నిద్రపోతాడు" అని ఒప్పుకుంది. లైబ్రేరియన్ కూడా ఒప్పుకుంది. ఆఖరి శనివారం పదకొండింటికి మా గదిలోకే కుక్క వస్తుంది. పిల్లలతోపాటు గదిలో పెద్దవాళ్ళు ఒకరు ఉండి తీరాలని రూలుంది కాబట్టి తను కూర్చుంటానంది.

అందరికంటే కష్టం మనవాళ్ళని ఒప్పించడం. పిల్లవాడు లోపల ఏదో చెబుతుంటే తెలుగు తల్లిదండ్రులు బయట కూర్చున్న దాఖలా చరిత్రలో లేదు. వారమంతా నా ఫోన్ కాలిపోయింది.

"కరుస్తుందా అండీ?" అంది ఒకావిడ.

"లేదండీ. దానికి సర్టిఫికెట్ ఉంది."

"మావారు ఏదో సర్టిఫికెట్ కోసం రెండేళ్ళుగా చదువుతూనే ఉన్నారు. సరే, ఇంటికి రాగానే స్నానం చేయిస్తాలెండి. కానీ నేను లోపల ఓ మూల కూర్చుంటాను, ఉలకను పలకను."

"మూల కూడా లేదండీ."

మా మిత్రుడు నేరుగా ఇంటికే వచ్చాడు. "అన్నా, నేను గోడ దిక్కు మొఖం పెట్టి కూసుంట."

"వద్దు."

"కండ్లు మూసుకుంట."

"నవ్వొస్తే?"

"మా అన్న కొడుకు పెండ్లిల వీడియో ఎయ్యాలన్నా. ఒక్క ముక్క రికార్డ్ చేసుకోనియ్యి. నా తండ్రీ, ఒక్కటంటె ఒక్క ముక్క."

"వీడియో తీస్తే వాడు మాట్లాడడు. మాట్లాడకపోతే వీడియోలో ఏం వేస్తావు?"

జేబులోంచి ఫోన్ తీశాడు. "గట్లయితె ఫోన్ నీకే ఇస్త, పట్టు" అని నా చేతిలో పెట్టి దిగిపోయాడు. పది నిమిషాలకి ఫోన్ కోసం మళ్ళీ వచ్చాడు, అది వేరే సంగతి.

ఆ శనివారం వాన ఎంతలా కురిసిందంటే పార్కింగ్ లాట్‌లో కార్లకి చుక్కాని ఉంటే బాగుండనిపించింది. పిల్లలు ఒక్కొక్కరే లోపలికెళ్ళారు. కుక్క వెళ్ళింది. లైబ్రేరియన్ వెళ్ళి తలుపు వేసింది. మేమందరం ఈవల, అద్దం గోడకి ముక్కులు ఆనించి నిలబడ్డాం. ఒక్క మాట వినబడదు. మా ఊపిరికి అద్దం మసకేస్తుంటే మా మిత్రుడు జాకెట్ చేతితో తుడుస్తున్నాడు.

చాలాసేపు లోపల ఏమీ జరగలేదు. కుక్క ఆవలించింది. చలికాలం కరపత్రం చిరుగుతున్న చప్పుడు నాకు వినబడింది.

అప్పుడు మా మిత్రుడి కొడుకు కుక్క చెవి దగ్గరికి జరిగాడు.

"అన్నా, మావోడు మాట్లాడుతుండు. పెదవులు జూడు."

"ఇంగ్లిషేమో."

"కాదనే. ఇంగ్లిష్‌కు గంత నోరు తెరవడు."

వాడి తర్వాత ఇంకో పిల్ల. దాని తర్వాత ఇద్దరు ఒకేసారి. ఒకావిడ పెదవులు చదివి తన కూతురు సాంబారు గురించి చెబుతోందంది. ఇంకొకావిడ కాదు, తన మీద చాడీలంది. చివరికి మా అమ్మాయి లేచింది. చేతిలో పుస్తకం లేదు. కుక్క ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు తిప్పుతూ, మొహం నాలుగు రకాలుగా మారుస్తూ ఏదో చెబుతోంది. పిల్లలు చాప మీద దొర్లి నవ్వుతున్నారు. ఆ నవ్వుకి మా అమ్మాయి నోరు మూసుకోలేదు, ఇంకా పెద్దగా చేతులు తిప్పింది. ఏ కథో నాకు తెలియదు. అద్దం మీద చెవి పెట్టాను. మా ఆవిడ చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది.

గంట అయ్యాక తలుపు తెరుచుకుంది. లైబ్రేరియన్‌ని మేమందరం చుట్టేశాం.

"ఏం చెప్పారు? ఏం చెప్పారు?"

"నాకెలా తెలుస్తుంది? గంటసేపు కూర్చున్నాను. ఒక్క ముక్క అర్థం కాలేదు" అంది ఆవిడ.

ఇంగ్లిష్ కాదన్నమాట! ఆ మాటకి కొందరు కౌగిలించుకున్నారు. అంత ఆనందంగా ఎవరికీ అర్థం కాకపోవడం నా జీవితంలో అదే మొదలు. చలికాలం కరపత్రంలో తెలుగు గంట ఉంటుందని అక్కడే చెప్పేసింది. కుక్కతో, ఇలాగే, పెద్దలు బయటే. కథ చెప్పేవారి ఫోటో వేసే చోట ఈసారి కుక్క ఫోటో వేస్తామని, నేనేమీ అనుకోకూడదనీ అంది. అనుకోలేదు. దాని ఫోటో బాగుంటుందని ముందే ఒప్పుకున్నాను కదా.

తిరిగి వెళ్తుంటే ఈసారి నేను డ్రైవ్ చేశాను. మొదటి ట్రాఫిక్ లైటు దాకా ఓపిక పట్టాను. రెండో లైటు దగ్గర నా వల్ల కాలేదు.

"ఏం కథ చెప్పావమ్మా దానికి?"

వెనక నుంచి, అమెరికా మొత్తం నాలుక మీద దొర్లుతున్నట్టున్న గొంతుతో జవాబు వచ్చింది.

"చెప్పను నేను. కుక్క ఏం అడగలేదు. నువ్వే ఊరికే ఊరికే అడుగుతావు."

మూడు వాక్యాలు. ఒక్క ఇంగ్లిష్ ముక్క లేదు. నాకు లోపల్నుంచి నవ్వు సముద్రంలా పొంగింది, ముద్దొచ్చే నవ్వు, అచ్చం మొదటి శనివారం గదిని ముంచేసిన నవ్వు. పక్క సీట్లోంచి మా ఆవిడ వేళ్ళు నా మోచేతిని గట్టిగా నొక్కాయి. పెదవి కొరుక్కుని, అటూ ఇటూ కొట్టుకుంటున్న వైపర్ల మీద కళ్ళు పెట్టి, వీలైనంత మామూలు గొంతుతో అన్నాను.

"సరే."

పక్కన ఇంకో మాట చేర్చకుండా నేను మాట్లాడిన వాక్యం నాకు తెలిసి అదొక్కటే.